మినియాపొలిస్ పాటకు నారుమడి



ప్రిన్స్ అనే అమెరికా గాయకుడి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 'పర్పుల్ రెయిన్' పాట ఆయనదే. ప్రపంచమంతా తిరిగి పాడాడు. పేరూ డబ్బూ రెండూ సంపాదించాడు. అంత పేరొచ్చినవాళ్ళు అక్కడ మామూలుగా న్యూయార్క్ చేరతారు. లేదంటే లాస్ ఏంజెలెస్ చేరతారు. ప్రిన్స్ మాత్రం తను పుట్టిన ఊరి పక్కనే, చాన్‌హాసెన్ అనే చోట, పైస్లీ పార్క్ పేరుతో స్టూడియో కట్టుకున్నాడు. 2016 ఏప్రిల్ 21న అక్కడే కన్నుమూశాడు.

ఆయన పుట్టిన ఊరు మినియాపొలిస్. ఇవాళ్టి ప్రసంగం ప్రిన్స్ గురించి కాదు. ఆ ఊరి గురించి. ఒక మాదిరి నగరంలో ఇన్ని రకాల పాట, ఇన్నేళ్ళపాటు, ఆగకుండా ఎలా పుట్టుకొచ్చిందన్నదే ఇవాళ్టి సంగతి.

మినియాపొలిస్ అమెరికా ఉత్తరాన, మిన్నెసోటా రాష్ట్రంలో ఉంది. మిసిసిపీ నది ఒడ్డున, పిండి మరల మీద ఎదిగిన ఊరు. నది పక్కనే సెయింట్ పాల్ ఉంది. ఈ రెండింటినీ జంట నగరాలంటారు. 2020 లెక్కల్లో మినియాపొలిస్ జనాభా దాదాపు 4 లక్షల 30 వేలు. చలి విపరీతం. శీతాకాలమంతా మంచే. సినిమా కంపెనీలు లేవు. పెద్ద రికార్డు కంపెనీల ఆఫీసులు లేవు. అయినా ఆ ఊరి నుంచి ఫంక్ వచ్చింది, పంక్ వచ్చింది, హిప్‌హాప్ వచ్చింది.

కారణం ఒక్క మాటలో చెప్పొచ్చు. ఆ ఊళ్ళో కొత్తవాళ్ళకు చిన్న గదులు దొరికాయి.

వరి పండించే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు నారుమడి సంగతి చెప్పక్కర్లేదు. పొలంలో ఒక మూల, నీళ్ళు అందే చోట, చిన్న మడి కడతారు. అందులో విత్తనం ఒత్తుగా చల్లుతారు. రోజూ వెళ్ళి చూసుకుంటారు. మొక్క నిలదొక్కుకున్నాకే పీకి పెద్ద పొలంలో నాటుతారు. పొలం ఎంత పెద్దదైనా, నారు లేకపోతే నాటు లేదు. ఊరి సంగీతానికి చిన్న గదులే నారుమడి. పదిమంది పట్టే గది కావచ్చు, రెండొందల మంది పట్టే గది కావచ్చు. చిన్నది కావాలి. దగ్గర్లో ఉండాలి. మళ్ళీ మళ్ళీ దొరకాలి. ఈ మూడు మాటలూ కాస్త గుర్తుపెట్టుకోండి.

మొదటి గది ఒక ఇంటి కింద ఉంది.

1970లలో ఉత్తర మినియాపొలిస్‌లో బెర్నడెట్ ఆండర్సన్ అనే తల్లి ఉండేది. ఆమెకు సొంత పిల్లలే ఆరుగురు. కొడుకుల్లో ఒకడు ఆండ్రే. వాడి స్నేహితుడు ప్రిన్స్. ప్రిన్స్ అమ్మానాన్నలు విడిపోయారు. కుర్రాడికి నిలకడగా ఉండే చోటు లేదు. బెర్నడెట్ అతన్ని తన ఇంట్లో పెట్టుకుంది. ఇంటి అడుగున బేస్‌మెంట్ ఉంది. పిల్లలు అక్కడ గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని వాయించుకున్నారు. గ్రాండ్ సెంట్రల్ అనే బ్యాండు అలా తయారైంది. ఆ చప్పుడంతా ఆ తల్లి భరించింది. ఆండ్రే తర్వాత ఆండ్రే సైమోన్ పేరుతో తనూ రికార్డులు తెచ్చాడు. మినియాపొలిస్ సంగీత చరిత్ర ఎవరు రాసినా బెర్నడెట్ పేరు మొదటి పేజీలోనే ఉండాలి.

ఆ పేటలోనే ప్లిమత్ అవెన్యూ మీద 'ద వే' అనే సామాజిక కేంద్రం ఉండేది. 1966లో ఆ పేటలో అల్లర్లు జరిగాక, నల్లజాతి యువకుల కోసం దాన్ని తెరిచారు. అక్కడ వాయిద్యాలు ఉండేవి. సాధన చేసుకోవడానికి చోటు ఉండేది. ప్రిన్స్ అక్కడికి వెళ్ళాడు. ఆండ్రే వెళ్ళాడు. టెర్రీ లూయిస్, జిమ్మీ జామ్ లాంటి కుర్రాళ్ళూ ఆ ఊరి బ్యాండ్లలోనే పెరిగారు. బ్యాండ్ల మధ్య పోటీలు జరిగేవి. ఈ వారం వాళ్ళు నెగ్గితే వచ్చే వారం వీళ్ళు. పక్క వీధి కుర్రాడు తనకన్నా బాగా వాయించాడని తెలిస్తే ఏ కుర్రాడు నిద్రపోతాడు?

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఆ రోజుల్లో ఊరి నడిబొడ్డున ఉన్న క్లబ్బులు నల్లజాతి బ్యాండ్లను దాదాపుగా రానిచ్చేవి కావు. ఎంత బాగా వాయించినా ఆ వేదిక దక్కేది కాదు. బేస్‌మెంట్లు, సామాజిక కేంద్రాలు, బడి హాళ్ళు వాళ్ళకు అంత ముఖ్యం కావడానికి అదీ కారణమే. ప్రిన్స్ తన పేరు మీద తొలి కచేరీ చేసింది కూడా నడిబొడ్డున కాదు. 1979 జనవరిలో, ఉత్తర మినియాపొలిస్‌లోని కాప్రి అనే పాత థియేటర్లో చేశాడు. 'ద వే' ఇప్పుడు లేదు. దాన్ని కూలగొట్టిన స్థలంలో పోలీసు స్టేషను కట్టారు. ఎంతోమంది సంగీతకారులు నిలదొక్కుకున్న చోటు అలా పోయింది. అది ఊరికి జరిగిన నష్టమే.

ఆ గదుల్లోంచి ఒక కొత్త ధ్వని వచ్చింది. అంతకుముందు ఫంక్ పాటలంటే బాకాలు, సాక్సఫోన్ల మోత ఉండేది. వీళ్ళు వాటి స్థానంలో సింథసైజర్ పెట్టారు. దానికి డ్రమ్ మెషిన్ తోడైంది. దాన్నే మినియాపొలిస్ సౌండ్ అన్నారు. జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్ కథ వినండి. ఇద్దరూ ప్రిన్స్ నడిపించిన 'ద టైమ్' అనే బ్యాండులో ఉన్నారు. 1983లో అట్లాంటాలో వేరే బృందం పాటలకు పనిచేయడానికి వెళ్ళారు. మంచు తుఫానులో ఇరుక్కుని, సొంత బ్యాండు కచేరీకి అందుకోలేకపోయారు. ప్రిన్స్ వాళ్ళను బ్యాండు నుంచి తీసేశాడు. అయినా వాళ్ళు ఊరు వదల్లేదు. మినియాపొలిస్‌లోనే స్టూడియో పెట్టుకున్నారు. గాయని జానెట్ జాక్సన్ ఆ ఊరికి వచ్చి వాళ్ళతో పనిచేసింది. 1986లో వచ్చిన 'కంట్రోల్' ఆల్బం అలా తయారైంది. ఆమెను పెద్ద తారను చేసింది అదే.

ఇప్పుడు ఊరి దక్షిణం వైపు వెళ్దాం. 26వ వీధి, లిండేల్ అవెన్యూ కలిసే మూల. అక్కడ ఓర్ ఫోక్‌జోకోపస్ అనే రికార్డుల షాపు ఉండేది. మేనేజర్ పేరు పీటర్ జెస్పర్‌సన్. ఆయనే మరో ఇద్దరితో కలిసి 1977లో ట్విన్‌టోన్ అనే చిన్న రికార్డు కంపెనీ మొదలుపెట్టాడు. లాంగ్‌హార్న్ అనే బారులో రికార్డులు కూడా వేసేవాడు. షాపు, కంపెనీ, బారు మూడింటితోనూ సంబంధం ఉన్న మనిషి.

1980లో పాల్ వెస్టర్‌బర్గ్ అనే కుర్రాడు షాపుకు వచ్చి ఒక క్యాసెట్ ఇచ్చి వెళ్ళాడు. లాంగ్‌హార్న్‌లో పాడే అవకాశం దొరికితే చాలని అతని ఆశ. జెస్పర్‌సన్ క్యాసెట్ విన్నాడు. ఏకంగా ఆల్బం చేద్దామా అని అడిగాడు. ఆ బ్యాండు ద రీప్లేస్‌మెంట్స్. 1981లో మొదటి ఆల్బం వచ్చేనాటికి వాళ్ళ బేస్ గిటారు వాయించే టామీ స్టిన్సన్ వయసు 14 ఏళ్ళు. తర్వాత అమెరికా అంతటా ఎన్నో రాక్ బ్యాండ్లు ఆ కుర్రాళ్ళను చూసి నేర్చుకున్నాయి. గమనించండి. ఆ క్యాసెట్ ఏ పెద్ద నగరంలోని ఏ పెద్ద ఆఫీసుకో వెళ్ళి ఉంటే, ఏ అట్టపెట్టెలోనో పడి ఉండేది. సొంతూరి షాపులో ఇచ్చాడు కాబట్టి దాన్ని వినే మనిషి దొరికాడు.

ఇక అసలు గది దగ్గరికి వద్దాం.

మినియాపొలిస్ నడిబొడ్డున ఫస్ట్ అవెన్యూ, సెవెన్త్ స్ట్రీట్ కలిసే చోట గుండ్రటి మూలతో ఒక నల్లటి కట్టడం ఉంది. 1937లో గ్రేహౌండ్ బస్సుల డిపోగా కట్టారు. 1968 దాకా అక్కడ బస్సులు ఆగేవి. తర్వాత ఖాళీ అయింది. 1970 ఏప్రిల్ 3న దాన్ని పాటల క్లబ్బుగా తెరిచారు. మొదటి రాత్రి పాడింది ఇంగ్లండ్ గాయకుడు జో కాకర్. మధ్యలో కొన్నేళ్ళు డిస్కో క్లబ్బుగా నడిచింది. 1981 చివర్లో దానికి ఫస్ట్ అవెన్యూ అని పేరు పెట్టారు. పెద్ద హాల్లో 1500 మందికి పైగా పడతారు.

అయితే మన కథకు పెద్ద హాలు కన్నా ముఖ్యం దాని పక్క గది. 1980లో ఆ భవనంలోనే ఒక పక్కన చిన్న వేదిక పెట్టారు. పేరు సెవెన్త్ స్ట్రీట్ ఎంట్రీ. 250 మంది పడతారు. కప్పు తక్కువ ఎత్తు. వేదిక మీద పాడేవాడికీ ముందు నిలబడ్డవాడికీ మధ్య దూరమే ఉండదు.

ఇందులోని తెలివి చూడండి. పెద్ద హాలు, చిన్న గది ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. ఇవాళ చిన్న గదిలో ముప్పై మంది ముందు పాడుతున్న కుర్రాడికి, గోడ అవతల వెయ్యి మంది కేకలు వినిపిస్తాయి. తను ఎక్కడికి చేరాలో కళ్ళముందే ఉంటుంది. బాగా పాడితే జనం పెరుగుతారు. జనం పెరిగితే గోడ దాటతాడు. సరిగ్గా పాడకపోయినా కొంప మునగదు. ముప్పై మందే కదా విన్నది. వచ్చే నెల మళ్ళీ పాడొచ్చు. నిర్వాహకులకూ అదే లాభం. పెద్ద హాలు రేపు ఎవరికి ఇవ్వాలో వాళ్ళకు చిన్న గదిలోనే తెలిసిపోతుంది.

హుస్కర్ డూ అనే బ్యాండు తన మొదటి ఆల్బం ఎక్కడ రికార్డు చేసిందో తెలుసా? ఆ చిన్న గదిలోనే. 1981 ఆగస్టు 15 రాత్రి కచేరీనే రికార్డు చేసి ఆల్బంగా తెచ్చారు. 17 పాటలు, అన్నీ కలిపి 26 నిమిషాలు. అంత వేగం. స్టూడియో అద్దె కట్టలేని కుర్రాళ్ళకు ఆ గదే స్టూడియో అయింది.

ఇక పెద్ద హాల్లో ఒక రాత్రి. 1983 ఆగస్టు 3. మిన్నెసోటా డాన్స్ థియేటర్ అనే నాట్య సంస్థకు విరాళం కోసం ప్రిన్స్ కచేరీ పెట్టాడు. వెండీ మెల్వాయిన్ అనే 19 ఏళ్ళ గిటారిస్టు ఆ బ్యాండుతో వేదిక ఎక్కడం అదే మొదలు. బయట రికార్డింగ్ సామగ్రి ఉన్న వాహనం నిలబెట్టారు. ఆ రాత్రి జనం అంతకుముందు ఎన్నడూ వినని పాటలు విన్నారు. వాటిలో 'పర్పుల్ రెయిన్' ఒకటి. మనం ఇవాళ రికార్డు మీద వినే 'పర్పుల్ రెయిన్'కు ఆధారం ఆ రాత్రి కచేరీయే. తర్వాత స్టూడియోలో కొంత కత్తిరించారు, తీగవాద్యాలు చేర్చారు. 1984లో ఆల్బం వచ్చింది. అమెరికా అమ్మకాల పట్టికలో 24 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అదే పేరుతో వచ్చిన సినిమాలో కచేరీ సన్నివేశాలూ ఆ హాల్లోనే తీశారు.

ప్రిన్స్ అప్పటికే పేరున్న గాయకుడు. కొత్త పాటలను మొట్టమొదట సొంతూరి హాల్లో, తన్ను ఎరిగిన జనం ముందు పాడాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1981 మార్చిలోనే, ఆ వేదిక మీద పాడి ఉన్నాడు. తెలిసిన గదిలో ధైర్యం వస్తుంది.

కాస్త వెనక్కి వెళ్ళి ఒక స్టూడియో కథ కూడా చెప్పాలి. మినియాపొలిస్‌లో సౌండ్ 80 అనే స్టూడియో ఉండేది. మిన్నెసోటాలోనే పుట్టిన గాయకుడు బాబ్ డిలన్ 1974 డిసెంబరు చివర్లో అక్కడికి వచ్చాడు. న్యూయార్క్‌లో రికార్డు చేసిన పాటలు తృప్తినివ్వక, ఐదింటిని ఆ ఊరి వాయిద్యకారులతో మళ్ళీ చేశాడు. ఆ ఆల్బం 'బ్లడ్ ఆన్ ద ట్రాక్స్'. అట్ట అప్పటికే అచ్చయిపోయింది. దాంతో ఆ ఊరివాళ్ళ పేర్లు దాని మీద పడలేదు. 2018లో వచ్చిన ప్రత్యేక సంపుటిలో ఆ పేర్లు అచ్చయ్యాయి. నాలుగు దశాబ్దాలు దాటాక! సినిమా పాట విని వేణువు ఎవరు వాయించారని అడిగే అలవాటు మనలో ఎందరికుంది? మినియాపొలిస్‌లోనే కాదు, ఎక్కడైనా ఇది అడగాల్సిన ప్రశ్నే.

1990లలో ఆ ఊళ్ళో హిప్‌హాప్ ఊపందుకుంది. 1995లో రైమ్‌సేయర్స్ అనే సంస్థ పుట్టింది. ఆట్మాస్ఫియర్ బృందం, బ్రదర్ అలీ అందులోంచి వచ్చారు. 1999లో వాళ్ళు సొంతంగా ఫిఫ్త్ ఎలిమెంట్ అనే షాపు తెరిచారు. అది 2020 దాకా నడిచింది. కొత్తగా రాసే కుర్రాళ్ళకు అది కలుసుకునే చోటు. తర్వాత డూమ్‌ట్రీ బృందం, దెస్సా లాంటి కవయిత్రి గాయని వచ్చారు. 2011లో లిజ్జో అనే అమ్మాయి వేరే ఊరి నుంచి మినియాపొలిస్ చేరింది. మొదట స్థానిక బృందాలతో చిన్న వేదికల మీద పాడింది. 2013లో తన మొదటి ఆల్బం తెచ్చింది. దాని సంగీతం వెనుక డూమ్‌ట్రీకి చెందిన లేజర్‌బీక్ ఉన్నాడు. 2019లో లిజ్జో పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఊరి బిడ్డకే కాదు, వలస వచ్చిన బిడ్డకూ ఆ గదులు పనికొచ్చాయి.

రేడియోలో మాట్లాడుతూ రేడియో సంగతి వదిలేయడం న్యాయం కాదు. 2005 జనవరి 24న అక్కడ ద కరెంట్ అనే ప్రజా రేడియో కేంద్రం మొదలైంది. 89.3 ఎఫ్ఎం. ప్రకటనల మీద కాదు, ప్రధానంగా శ్రోతల చందాల మీద నడుస్తుంది. అది మొట్టమొదట వినిపించిన పాట ఆ ఊరి ఆట్మాస్ఫియర్ బృందానిదే. స్థానిక బ్యాండ్ల కోసం ప్రత్యేక కార్యక్రమం పెట్టింది. మామూలు గంటల్లో కూడా పెద్ద తారల పాటల పక్కనే ఊరివాళ్ళ పాటలు వేస్తుంది. కారులో వెళ్తూ విన్న పాట పక్క వీధి అమ్మాయిదని తెలిస్తే, ఆ శనివారం టికెట్ కొనాలనిపిస్తుంది. గదికి జనాన్ని తెచ్చేది ఇలాంటి రేడియోయే.

ఇదంతా సాఫీగా సాగిందనుకోకండి. 2004 నవంబరులో ఫస్ట్ అవెన్యూ దివాలా తీసి తలుపులు మూసింది. అదే నెలలో కొత్త యాజమాన్యంలో మళ్ళీ తెరుచుకుంది. 2020లో కరోనా వచ్చి దేశమంతా వేదికలు మూతపడ్డాయి. అప్పుడు స్వతంత్ర వేదికల యజమానులు ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. దానికి నాయకత్వం వహించింది ఫస్ట్ అవెన్యూ నడిపే డేనా ఫ్రాంక్. మిన్నెసోటా సెనేటర్ ఏమీ క్లోబుషార్, టెక్సాస్ సెనేటర్ జాన్ కోర్నిన్ బిల్లు తెచ్చారు. ఇద్దరివీ వేరు వేరు పార్టీలు. ఆ డిసెంబరులో మూతపడ్డ వేదికల కోసం 1500 కోట్ల డాలర్ల సాయానికి చట్టం అయింది.

అయినా అన్ని గదులూ బతకలేదు. ట్రిపుల్ రాక్ అనే వేదిక 2017లో మూతపడింది. 400 బార్ అంతకుముందే పోయింది. ఇప్పుడు జంట నగరాల్లో చాలా వేదికలను ఫస్ట్ అవెన్యూ సంస్థే నడుపుతోంది. ఆ సంస్థ ఊరిదే, బాగానే నడుపుతోంది. అయినా ఎక్కువ గదుల తాళాలు ఒకే చేతిలో ఉండటం కొత్తవాళ్ళకు అంత మంచిది కాదు. ఒక తలుపు తెరుచుకోకపోతే తట్టడానికి ఇంకో తలుపు ఉండాలి.

శ్రోతలారా, మళ్ళీ ఆ మూడు మాటల దగ్గరికి వద్దాం. చిన్నది. దగ్గరిది. మళ్ళీ మళ్ళీ దొరికేది. చిన్న గది అయితే ముప్పై మంది వచ్చినా నిండుగా కనిపిస్తుంది. పాడేవాడు కుంగిపోడు. దగ్గరిదైతే ప్రయాణం ఖర్చు ఉండదు. అమ్మానాన్నలు వస్తారు, స్నేహితులు వస్తారు. మళ్ళీ మళ్ళీ దొరికేదైతే, మొదటిసారి తప్పు పాడినవాడు రెండోసారి సరిదిద్దుకుంటాడు. ఏడాదికి ఒక్కసారి జరిగే ఉత్సవంలో ఆ వీలు లేదు.

మినియాపొలిస్‌లోనూ ఆ చుట్టుపక్కలా తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడున్న బంధువులు మీకుంటే ఒక మాట చెప్పండి. పైస్లీ పార్క్ చూడటానికి వెళ్ళినరోజే, సాయంత్రం సెవెన్త్ స్ట్రీట్ ఎంట్రీలో పేరు తెలియని ఒక బ్యాండు కచేరీ కూడా వినమనండి.

మీ ఊళ్ళోనూ పాడే పిల్లలున్నారు. లైబ్రరీ హాలు ఉంది, బడి వరండా ఉంది, ఆదివారం ఖాళీగా ఉండే కల్యాణ మండపం ఉంది. వాటి బాధ్యత మీ చేతిలో ఉంటే, నెలలో ఒక సాయంత్రం ఆ పిల్లలకు ఇవ్వండి. తేదీ మార్చకండి. ప్రతి నెలా అదే రోజు, అదే వేళ. ఆ బాధ్యత మీది కాకపోతే వినడానికి వెళ్ళండి. టికెట్ పెడితే కొనండి, ఊరికే రానివ్వమని అడగకండి. పాట అయ్యాక వాయించినవాళ్ళ పేర్లు కూడా అడిగి తెలుసుకోండి. వచ్చే నెల మళ్ళీ వెళ్ళండి.